వెనక సీటు అరబ్బీ

ఉమ్ సలాల్
6 సెప్టెంబర్ 2024, శుక్రవారం

నా బంగారు బిడ్డ అల్ఫియాకు, అబ్బ కడుపునిండ దువాలు.

నిన్న నీ ఫోన్ వచ్చిన కాన్నుంచి నా కాలు భూమ్మీద ఆగుత లేదు. దోహాల వెస్ట్ బే హోటలోళ్ళు గెస్టుల డెస్కు నౌకరీకి నిన్ను పెద్ద ఇంటర్వ్యూకు పిలిచిన్రన్న మాట చెవులవడంగనే, కారు తుడిచే బట్ట భుజం మీద ఏసుకునే బక్కాలాకు ఉరికిన. బక్కాలా అంటే మా వీధి కొసకున్న కిరాణా కొట్టు. కొట్టు మలయాళీ ఆయన చాయ్ తాపిచ్చిండు. అక్కడ్నుంచి పక్క విల్లా డ్రైవరు, మన కోరుట్ల బుచ్చన్నకు చెప్పిన. వాడు అప్పుడే అన్నం తింటున్నడు. ఎంగిలి చెయ్యితోనే నాకు అలాయ్‌బలాయ్ ఇచ్చిండు. నా చొక్కా నిండ పప్పు. పోనీ, ఏమాయె.

నువ్వు నాలుగేండ్ల పిల్లవున్నప్పుడు నేను ఈ ఖతర్ దేశం వచ్చి, ఈ అరబ్బోళ్ళ ఇంట్ల డ్రైవరుగ కుదిరిన. ఇప్పుడు నీకు ఇరవై ఐదు. రెండేండ్లకొక్కసారి రెండు నెల్ల ఛుట్టీ లెక్కన, నేను నీ పక్కన ఉన్నది మొత్తం ఇరవై నెల్లు. ఈ నౌకరీ వస్తె నువ్వు నేను ఒక్క ఊర్ల ఉంటం. నేను పొద్దున లేచి, నా బిడ్డ ఇదే ఊర్ల నిద్ర లేస్తున్నదనుకుంట. ఈ ముచ్చట యాదికొచ్చినప్పుడల్ల నాకు నవ్వొస్తున్నది. నిన్న మాపటీలి సిగ్నల్ కాడ నేనొక్కన్నే నవ్వుతుంటే పక్క కారాయన అద్దం పైకి ఎక్కిచ్చుకున్నడు.

ఇగ నీ కష్టం సంగతి. ఫ్రెంచి మాట వెతికితె స్పానిషు మాట వస్తున్నది, స్పానిషు వెతికితె అరబ్బీ అడ్డం వస్తున్నది, తలకాయల ఖిచిడీ అయితున్నదని అన్నవు. మూడింట్ల ఒకటి ఇడిసిపెడ్తనన్నవు. ఇడువకు. మీ అబ్బ సదివింది ఏడో తరగతే గని, మలయాళం, నేపాలీ, బెంగాలీ, సింహళం, అరబ్బీ ఐదు వస్తయి. ఇరవై ఏండ్లల్ల ఒక్కటి పోలే. ఒక దాంట్ల ఒకటి కలువలే. ఎట్లనంటవా, దేని చోటు దానికున్నది. మలయాళం కొట్టు కాడ. నేపాలీ కారు కడిగే కాడ, తోటమాలితోని. బెంగాలీ ఖర్జూరం చెట్ల కింద, పనిపిలగాండ్లతోని. సింహళం వంటింటి కిటికీ కాడ, వంటామెతోని. అరబ్బీ కార్ల. కొట్టు గడప దాటినంక నేను ఒక్క మలయాళం మాట మాట్లాడ. మాట్లాడుమన్నా నోటికి రాదు. అంత ఖచ్చితం.

నువ్వు గూడ ఒక్కోదానికి ఒక్కో జాగ చూపెట్టు. దినాం అన్నింటి కాడికి పోయి పది నిమిషాలన్న కూసోవాలె. మనూర్ల బర్రెలు కాసినోన్ని, నాకెరుక. దేనికి మేత తప్పినా అది రెండ్రోజులకే చిక్కుతది.

మల్ల మన తెలుగు గురించి. ఇంట్ల మాట్లాడేది ఉర్దూ. నాకు ఉర్దూ రాయరాదు, మెట్‌పల్లి సర్కారు బడిల తెలుగే దిద్దిన. అందుకె తెలుగు జాగ ఈ కాగితం అని తీర్మానం చేసిన. శుక్రవారం నా ఛుట్టీ, రాసి ఫోటో తీసి పంపిస్త. నువ్వు గూడ చేత్తోనె రాసి పంపాలె. ఫోన్ల టైపు కొట్టిన ఉత్తరం నేను ముట్టుకోను.

సంబురంల గబగబ రాసిన, అచ్చరాలు చూసి నవ్వకు.

నీ అబ్బ,
ఇక్రాముద్దీన్


అమీర్‌పేట, హైదరాబాద్
22 సెప్టెంబర్, ఆదివారం

అబ్బా, అస్సలాం అలైకుం.

నీ పద్ధతి పనిచేస్తున్నది. ఒప్పుకోవడానికి మనసు రాకున్నా ఒప్పుకుంటున్న.

హాస్టల్ల ఫ్రెంచికి బాల్కనీ ఇచ్చిన. స్పానిష్‌కు మెట్లు. అరబ్బీకి ఇస్త్రీ బల్ల. నేను పనిచేసే దవాఖానల నా డెస్కు మీద ఇంగ్లీషు ఎట్లా ఉండనే ఉన్నది. పదిహేను రోజుల్లో ఖిచిడీ విడిపోయింది. అన్నం అన్నమే, పప్పు పప్పే. నా రూమ్మేట్ ఇంద్రజ కాపలా కాస్తున్నది. మంచం మీద కూసొని నోరుజారి ఒక్క స్పానిష్ ముక్క అంటే చాలు, చెప్పులు నా ముందల పెట్టి మెట్ల మీదికి పొమ్మంటది. వార్డెన్ ఆంటీ మాత్రం, నేను మెట్ల మీద ఎవనితోనో ఫోన్‌లో కొట్లాడుతున్ననని నమ్మింది. మొన్న నన్ను పక్కకు పిలిచి, ఎవడమ్మా వాడు, అంత బాధపెట్టేటోన్ని వదిలెయ్యరాదా అన్నది.

ఇంటర్వ్యూ అక్టోబర్ 16న, వీడియోలో. ఈ ఒక్క కుర్చీకి ఇద్దరమే మిగిలినమంట. ఇంకొకామెది ట్యునీషియా. ఆమెకు అరబ్బీ, ఫ్రెంచి రెండూ పుట్టుకతో వచ్చినవి. నాకు అది తలచుకుంటేనే చెమట.

అసలు భయం అరబ్బీతోనే. ఇన్‌స్టిట్యూట్‌లో మాకు నేర్పింది పుస్తకం అరబ్బీ. మా దవాఖానకు మోకాళ్ళ ఆపరేషన్ కోసం వచ్చిన ఒమానీ ఆయన భార్య, నేను బెడ్ నంబర్ చెప్పంగనే, వార్తలు అయిపోయినయా అమ్మా అని అడిగింది. రేడియో చదివినట్టు ఉంటదంట. దోహాల జనం ఇండ్లల్ల మాట్లాడేటట్టు నాకు రావాలె. నువ్వు ఇరవై ఏండ్ల నుంచి ఆ ఇంట్ల ఉన్నవు. నీ అరబ్బీ నాకు పంపవా? వాయిస్ మెసేజ్‌లు చాలు. నేను ఇస్త్రీ చేసుకుంటూ వింటా, విన్నదాన్ని విన్నట్టు తిరిగి అంటా.

అమ్మీ మెట్‌పల్లి నుంచి రోజూ ఫోన్ చేసి, దుబాయ్ నౌకరీ ఏమైందని అడుగుతది. ఖతర్ అని వందసార్లు చెప్పిన. రెండూ పక్కపక్కనే కదా అంటది.

నీ
అల్ఫియా


ఉమ్ సలాల్
4 అక్టోబర్, శుక్రవారం

నా కండ్ల వెలుగు అల్ఫియాకు,

నువ్వు నన్ను అరబ్బీ అడిగినవు. కాలేజీ సదివిన బిడ్డ, ఫ్రెంచి తెలిసిన బిడ్డ, ఏడో తరగతి తండ్రిని సదువు అడిగింది. ఈ మాట ఇంటి ముందర బోర్డు రాసి పెడ్దామనిపిచ్చింది. బుచ్చన్న వద్దన్నడు.

ఇప్పటికి నలభై ఒక్క మెసేజులు పంపిన. అన్ని కార్లనే కూసొని మాట్లాడిన, అద్దాలు ఎక్కిచ్చి, ఏసీ బందు పెట్టి, నీకు గాలి సప్పుడు రావద్దని. చెమటకు బనీను పిండుకున్న. ఇంక రోజుకు మూడు లెక్కన వస్తనే ఉంటయి.

నా అరబ్బీ యాడిదో నీకు చెప్పాలె. మా బాబా, అంటే ఇంటి యజమాని, ఆయన పిల్లలు ముగ్గురు. పెద్దది నూరా, నీ వయసుదే. నేను పనిల కుదిరిన నాడు బడి సంచి దాని కంటె పెద్దగుండె. తరువాత ఇద్దరు మొగపిల్లలు. పొద్దున నలభై నిమిషాలు, మాపటీలి నలభై నిమిషాలు, పదమూడేండ్లు వాళ్ళను బడికి తోల్కపోయిన, తోల్కొచ్చిన. ముందర సీట్ల నేను, వెనక సీట్ల వాళ్ళు. అరబ్బీల అయిదు మాటలు తెల్వకుండ వచ్చినోన్ని, వాళ్ళు మాట్లాడంగ మాట్లాడంగ అంత వచ్చేసింది. పెద్దింటి పిల్లల భాష, అసలు సిసలు ఖతరీ, చారెడు కల్తీ లేదు. ఆ ట్యునీషియా పిల్ల ఎంత ఎగిరినా ఈ మట్టి మాట దానికి యాడ దొరుకుతది?

బుచ్చన్న నా మెసేజు ఒకటి విని, ఇదేందన్నా బడిపోరగాని లెక్క ఉన్నదన్నడు. వానికి కుళ్ళు. వానికి వచ్చినయి పది మాటలు, అందుల నాలుగు తిట్లు.

నీ రూము సంగతి గూడ ఆలోచన చేసిన. హోటలోళ్ళు స్టాఫ్ బిల్డింగు ఇస్తరంట కద. అయినా నేను పోయి వెస్ట్ బే చూసొచ్చిన. ఆ హోటలు ముందర కారు ఆపి, మెడ ఎనుకకు పెట్టి అంతస్తులు లెక్కపెట్టిన. ముప్పై రెండు కాడ గార్డు వచ్చి యల్లా యల్లా, నడువు నడువు అన్నడు. నేను పోయిన. మల్ల ఒక చుట్టు తిరిగొచ్చి మిగిలినయి లెక్కపెట్టిన.

బిడ్డా, నువ్వు గెలుస్తవు.

నీ అబ్బ


అమీర్‌పేట
17 అక్టోబర్, గురువారం

అబ్బకు సలాం.

నిన్న ఫోన్ ఎత్తలేదని అమ్మీతో అన్నవంట. ఎత్తబుద్ధి కాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

ఇంద్రజ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టింది. తెర మీద ముగ్గురు. మొదట ఇంగ్లీషు, బాగానే అయింది. తరువాత ఒకాయన ఫ్రెంచిలో, గెస్ట్ సామాను పోతే ఏం చేస్తవని అడిగిండు. నాకు అడిగింది అర్థమైంది. జవాబు ఒక్క ముక్క రాలేదు. లోపల ఖాళీ. కొట్టు గడప దాటితే నీకు మలయాళం నోటికి రాదన్నవే, అదే. నేను ఉన్నది కుర్చీలో, ఫ్రెంచి ఉన్నది బాల్కనీలో. ఇంకేం చెయ్యను, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని బాల్కనీకి పోయిన. పోంగనే నల్లా విప్పినట్టు వచ్చింది. తరువాత స్పానిష్ అన్నరు. మెట్ల మీదికి పోయిన. ఇంద్రజ ఛార్జర్ వైరు పట్టుకొని నా వెనక. సరిగ్గా అప్పుడే కూరగాయల సంచితో వార్డెన్ ఆంటీ పైకి వస్తూ, తెరలోకి తొంగిచూసి, వాళ్ళకు నమస్కారం పెట్టి, పెండ్లిచూపులా అమ్మా అన్నది. ముగ్గురూ పడి పడి నవ్విన్రు. అప్పటిదాక పరవాలేదు.

మూడో ఆమె ఖతరీ ఆమె. డెస్కుకు పెద్ద. నన్ను ఇస్త్రీ బల్ల కాడికి రానిచ్చి, మెల్లగ, ఇంట్ల మాట్లాడినట్టే అరబ్బీల అడిగింది. ఒక గెస్ట్ మూడు గంటల నుంచి నిలబడ్డడు, గది సిద్ధం కాలేదు, కోపంగ ఉన్నడు, ఏం చెప్తవు? నీ అరబ్బీ గలగల వచ్చింది. ఆగకుండ చెప్పిన. తెలుగుల చెప్పాలంటే నేను ఆయనతో అన్నది ఇది:

"ఏడ్వకు. ఐపోతది, ఇంక చిన్నంతనే. మంచిగ కూసుంటె ఐస్‌క్రీం కొనిస్త, దేవుని మీద ఒట్టు. ఎవరితోని చెప్పకు, సరేనా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. తరువాత కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. నీకు అరబ్బీ నేర్పినవాళ్ళకు ఎన్నేండ్లు అని అడిగింది. అరవై నాలుగు అన్న. కాదు, ఏడేండ్లు ఉంటయి అన్నది.

ఫ్రెంచి, స్పానిష్ పాస్. అరబ్బీకి డిసెంబర్ మొదటి వారం మళ్ళీ పిలుస్తరు. యాస మా ఇంటిదే, వయసే తక్కువైంది, ఈలోపల పెద్దదానివై రా అన్నది. అప్పుడు కూడ ఇట్లనే ఉంటే ట్యునీషియా ఆమెకు ఇస్తరు.

వాళ్ళంత నవ్విన్రు గని నాకు నవ్వు రాలేదు అబ్బా. రాత్రంత నీ మెసేజ్‌లు మళ్ళీ విన్న. ఇప్పుడు ఎరుకైంది, అది నీ గొంతుల నూరా. నీళ్ళు కావాలని, తమ్ముడు గిల్లిండని, ఇంకెంత దూరమని, ఆమె గునిసింది గునిసినట్టు నీకు కంఠతా ఉన్నది. పదమూడేండ్ల గునుసుడు. నేను ఏడేండ్లప్పుడు ఎట్ల మాట్లాడేదాన్ని అబ్బా? ఒక్క మాట చెప్పు. ఒక్కటే.

అల్ఫియా


ఉమ్ సలాల్
25 అక్టోబర్, శుక్రవారం

బిడ్డా,

నీ ఉత్తరం ఎనిమిది రోజులు జేబుల పెట్టుకోని తిరిగిన. ఫోటోను బక్కాలాల కాగితం మీద కొట్టిచ్చుకున్న.

నువ్వు అడిగిన దానికి జవాబు, యాదికి లేదు. నువ్వు ఏడేండ్లప్పుడు నేను ఫోన్ కార్డు గీకి, లైన్ల నిలబడి మాట్లాడేది. మంచిగున్నవా, సదువుతున్నవా, అమ్మీకి ఇయ్యి. అంతే. నువ్వేమన్నవో వినేలోపల కార్డు ఐపోతుండె. అబద్ధం రాస్తె నా చెయ్యి పడిపోను.

నూరా కాడికి పోయిన. ఇప్పుడు దాని కాపురం ఐన్ ఖాలిద్‌ల. కాలేజీల పాఠాలు చెప్తది. నేను ఏమన్నా అడిగేలోపలె నా మొకం చూసి కూసోబెట్టింది. నా అరబ్బీ పిల్లల అరబ్బీయా అని అడిగిన. తలకాయ ఊపింది. ఇరవై ఒక్క ఏండ్లు ఎవరు చెప్పలేదేందమ్మా అన్న. అది ఏమన్నదంటే, "చెప్తే నువ్వు మారిపోతవని భయం, అమ్మీ. నాకు మనసు బాగలేనప్పుడు నీకు ఫోన్ చేసేది అందుకే."

అమ్మీ అంటే వాళ్ళ భాషల చిన్నాయన. వాళ్ళు నన్ను అట్ల పిలుస్తరు.

నాకు సిగ్గయింది. ఇన్నేండ్లు వాళ్ళ మజ్లిస్‌ల, అదే వచ్చినోళ్ళు కూసునే పెద్ద గదిల, పెద్ద పెద్దోళ్ళ ముందర, గడ్డం తెల్లబడ్డ నేను, కడుపు ఆకలైతుంది బాబా అన్నట్టు మాట్లాడిన. వాళ్ళు ముసిముసి నవ్వుతుంటె, నా భాషకు మెచ్చుకుంటున్నరనుకున్న.

అయితె బిడ్డా, నూరా ఇంకొక మాట చెప్పింది. అది విన్నప్పటి నుంచి మల్ల నా కాలు నిలుస్త లేదు. సిగ్నల్ పడ్డప్పుడల్ల నేను, మీ అమ్మీ ఫోన్ల చెప్పిన నీ ముచ్చట్లు వాళ్ళకు చెప్పెటోన్నంట. వెనక సీటు వాళ్ళు, మా ముచ్చట్లు అయినయి, ఇగ అల్ఫియా వంతు అని అడిగి మరీ చెప్పిచ్చుకునేటోళ్ళంట. నేను మరిచిన. దానికి అన్ని యాదికున్నయి. అల్ఫియా సైకిల్ మీదికెల్లి పడి ముందర పన్ను ఇరగ్గొట్టుకున్నది. అల్ఫియా ఉరుముకు భయపడదు గని కొబ్బరికాయ కొట్టే సప్పుడుకు భయపడతది. అల్ఫియాకు లెక్కలల్ల నూటికి తొంభై ఎనిమిది వస్తె, ఆ రెండు ఏమైనయని మాస్టరును అడిగింది. అల్ఫియా బొమ్మకు పేరు జిల్లా కలెక్టర్. నూరా ఇవన్ని చెప్తుంటె కాగితం మీద రాసుకున్న. ఎవరో దాచిపెట్టిన సొమ్ము దొరికినట్టు ఉరికొచ్చిన.

నా కాడ నీ మాట లేదు. నీ ముచ్చట ఇంకొక పిల్ల కాడ భద్రంగున్నది.

నూరా నీకు పెద్దోళ్ళ అరబ్బీ చెప్తనన్నది. నాకు గూడ. మనిద్దరం ఒక్క తరగతి.

అబ్బ


అమీర్‌పేట
10 నవంబర్, ఆదివారం

అబ్బా,

పన్ను ఇరిగింది సైకిల్ మీదికెల్లి పడి కాదు. హమీదుద్దీన్ మామ మేకపోతు మీద ఎక్కి పడ్డ. నువ్వు భయపడతవని అమ్మీ సైకిల్ అని చెప్పింది. ఇరవై ఏండ్ల నుంచి ఒక ఖతరీ ఇంట్ల నా గురించి తప్పు చరిత్ర నడుస్తున్నది. దిద్దమని నూరాకు నేనే చెప్పిన. అవును, మేము రోజూ మాట్లాడుకుంటున్నం.

 మొదటి రోజే ఆమె, బొమ్మ పేరు నిజంగా జిల్లా కలెక్టరేనా అని అడిగింది. ఔనన్న. ఆమె బొమ్మకు కూడా అదే పేరు పెట్టుకున్నదంట, అర్థం తెల్వకుండనే. మంచి పేరనుకున్నదంట. నాకు కోపం ఎక్కడో జారిపోయింది. వెతికిన గని దొరకలేదు.

కాని పాఠం చెప్పేటప్పుడు నూరా చెడ్డది. గెస్ట్‌కు క్షమాపణ చెప్పే మాట ముప్పైసార్లు అనిపిచ్చింది. నా నోట ఐస్‌క్రీం వాసన వస్తే చాలు, వయసెంత అంటది.

నీ పద్ధతిల ఒక మార్పు చేసిన, కోపం చెయ్యకు. జాగల వల్ల భాషలు విడిపోయినయి, అది నీ గొప్పే. అయితే జాగలకు అతుక్కపోయినయి కూడ. ఇప్పుడు అన్నింటినీ ఒక్క కుర్చీ మీదికి తెస్తున్న. ఇంద్రజ ఫోన్‌ల గంట పెడ్తది. పది నిమిషాలకొకసారి మోగంగనే భాష మారాలె, నేను లేవొద్దు. మొదటి వారం తల తిరిగింది. ఇప్పుడు వస్తున్నయి, పిలిచినదే వస్తున్నది. దినాం నాలుగింటికీ మేత పెడ్తున్న. ఒక రోజు స్పానిష్‌కు మేత తప్పింది, మర్నాడు నిజంగనే చిక్కింది.

నువ్వు కూడ చెయ్యి. రేపు ఖర్జూరం చెట్టు కింద మలయాళం మాట్లాడి చూడు. ఇది హోంవర్కు.

నీ క్లాస్‌మేట్
అల్ఫియా


ఉమ్ సలాల్
29 నవంబర్, శుక్రవారం

నా క్లాసుల ఫస్టు వచ్చే బిడ్డకు,

హోంవర్కు చేసిన. ఖర్జూరం చెట్టు కింద మలయాళం మాట్లాడిన. బెంగాలీ పిలగాండ్లు నాకు ఎండ తగిలిందని నెత్తిమీద నీళ్ళు పోసిన్రు. నేపాలీ తోటమాలితోని సింహళం మాట్లాడిన. వాడు తోట గేటు ఏసుకున్నడు. అయినా ఇడువలే. నీ లెక్కనే ఫోన్ల గంట పెట్టిన. బుచ్చన్న ఆ గంట సప్పుడు ఇంటె దూరం నుంచె వంగి దండం పెడ్తున్నడు.

పెద్దోళ్ళ అరబ్బీ మాత్రం కష్టం బిడ్డా. పిల్లల భాషల అంతా నాకు ఇయ్యి, నాకు వద్దు, ఇంకెంత దూరం. పెద్దోళ్ళ భాషల ముందుగాల వాళ్ళ ఆరోగ్యం అడగాలె, వాళ్ళ నాయన సంగతి అడగాలె, దేవునికి షుకర్ చెప్పాలె, అప్పుడు మెల్లగ మన పని కాడికి రావాలె. నేను ఆరోగ్యం కాడనే అలిసిపోతున్న. అద్దం ముందర నిలబడి నేర్చుకుంటున్న. అరవై నాలుగేండ్ల మొకం, అరవై నాలుగేండ్ల మాట, రెండు మొదటిసారి ఒక్క కాడ కలిసినయి. భలేగున్నది. ఎవరో పెద్దమనిషి మా రూముకు సుట్టం వచ్చినట్టున్నది.

సోమవారం బాబా వాళ్ళమ్మను కారెక్కిచ్చి, కొత్త అరబ్బీల, అమ్మా మీ నడుము నొప్పి ఎట్లున్నది, దేవుడు మీకు నిండు ఆరోగ్యం ఇయ్యాలె అన్న. ఆ ముసలమ్మ దారి పొడుగూత అద్దంల నా మొకమే చూసింది. ఇంటికొచ్చినంక కొడుకుతోని, ఈ పెద్దాయన ఎవరు, మా ఇక్రాం యాడికి పోయిండు, వాన్ని పిలిపియ్యి అన్నదంట. ఇప్పుడు ఆమె కోసం పొద్దున ఒక్క గంట పాత భాషే మాట్లాడుతున్న. దానికి గూడ మేత పెట్టాలె కద.

నీ పరీక్ష బుధవారం. నేను ఆ నాడు ఉపాసం. నువ్వు మాత్రం తిని పో.

నీ అబ్బ


అమీర్‌పేట
8 డిసెంబర్, ఆదివారం

అబ్బా,

కుర్చీల నుంచి లేవలేదు. నాలుగు భాషలు ఒక్క కుర్చీల. ఆ ఖతరీ ఆమె చివరికి, ఏడు వారాల్లో ఇరవై ఏండ్లు పెరిగినవన్నది. నౌకరీ వచ్చింది. జనవరి ఐదున చేరాలె. ఫోన్‌ల నీ అరుపుకు ఇంద్రజ చెవి ఇంక గుయ్యిమంటున్నదంట.

ఫోన్‌ల నేను చెప్పని మాట ఒకటుంది. నీ సంబురం ఆపబుద్ధి కాలేదు. నా ఆఫ్ మంగళవారం. శుక్రవారం కావాలని అడిగిన. కొత్తోళ్ళకు ఏడాదిదాక శుక్రవారం ఇయ్యరంట. మిగతా రోజులు డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు, శుక్రవారమైతే రద్దీ అని పొద్దున ఎనిమిది నుంచే డబుల్ డ్యూటీ. స్టాఫ్ బిల్డింగ్‌ల తలుపు పదకొండున్నరకు ఏస్తరు. నీకేమో పొద్దంత కారు డ్యూటీ, శుక్రవారం ఒక్కటే ఛుట్టీ. కాగితం మీద గీతలు గీసి చూసిన. ఎట్ల చూసినా మనిద్దరి ఖాళీ ఒక్క గంట కూడా కలుస్త లేదు.

ఒక్క ఊర్ల ఉంటం. అంతవరకు నిజమే. ఫోన్ అయితే లోకల్ అయితది.

అల్ఫియా


ఉమ్ సలాల్
13 డిసెంబర్, శుక్రవారం

వెస్ట్ బే నాలుగు భాషల దొరసాని అల్ఫియాకు, ఉమ్ సలాల్ డ్రైవరు ఇక్రాముద్దీన్ ఒంగి సలాములు.

నీ ఉత్తరం సదివి నేను ఒక్క పూట ఉసూరుమన్న. ఒక్క పూటే. తరువాత ఒక సంగతి తోచింది. ఈ ఇంట్ల ఇరవై ఒక్క ఏండ్లల్ల నేను నా కోసం బాబాను ఏదన్న అడిగిన్నా అని. ఏసీల గ్యాసు అడిగిన, టైర్లు అడిగిన. నాకని ఏది అడగలే. వద్దంటె ఏం జెప్పాల్నో నాకు తెల్వదు. పిల్లలు వద్దంటె ఏడుస్తరు, లేకుంటె ఊకుంటరు. నేను ఊకునెటోన్ని.

నూరాకు చెప్పలే. చెప్తే అదే వాళ్ళ నాయన కాడికి ఉరుకుతది. నేనే నాలుగు మాటలు కూర్చుకోని, పదకొండుసార్లు కార్ల అనుకోని, నిన్న మాపటీలి అస్ర్ నమాజు అయినంక మజ్లిస్‌కు పోయిన. బాబా ఒక్కడే ఉన్నడు. చెప్పులిడిసి లోపటికి పోయి, ఆరోగ్యం అడిగిన, వాళ్ళ నాయనకు దువా చేసిన, దేవునికి షుకర్ చెప్పిన. ఆయన ఫోన్ పక్కన పెట్టిండు. అప్పుడు మెల్లగ, నా ఛుట్టీ శుక్రవారం నుంచి మంగళవారానికి మార్చాలని అడిగిన.

మంగళవారం వాళ్ళమ్మకు నడుము వైద్యం రోజు. కాదు ఇక్రాం, మంగళవారం కుదరదు అన్నడు.

బిడ్డా, పాత నేనయితె అక్కన్నే తలకాయ ఊపి బయటికొచ్చెటోన్ని. నేను కూసున్న కాన్నుంచి లేవలే. 

"బాబా, మీ బిడ్డలను బడికి తోల్కపోయిన్నాళ్ళు నా బిడ్డ బడికి నడిచి పోయింది. ఆమె పెరిగింది నేను సూడలే. ఇప్పుడు ఆమె ఈ ఊరికే వస్తున్నది. ఆమెకు ఖాళీ మంగళవారం ఒక్కటే."

ఆయన నా దిక్కు తిరిగి, "ఇన్నేండ్లు ఎందుకు అడగలేదు?" అన్నడు.

"అడిగే భాష మొన్ననే వచ్చింది" అన్న.

ఆయన లేచి లోపటికి పోయిండు. నేను తివాచీ మీద పువ్వులు లెక్కపెట్టుకుంట కూసున్న. కొంతసేపటికి లోపల ముసలమ్మ గొంతు ఇనొచ్చింది. నువ్వు విని ఉంటె బాగుండు. బుధవారం డాక్టరుకు చేతులు లేవా అని కొడుకును గట్టిగ అడుగుతున్నది. ఇక్రాం బిడ్డ వస్తుంటె నా నడుము ఒక్కరోజు ఆగలేదా అంటున్నది. మజ్లిస్ తలుపు కాడికే వచ్చి, మొదటి మంగళవారం పిల్లను అన్నానికి తేవాలె, తేకపోతె శుక్రవారమే అని నాకు హుకుం చేసింది. బాబా నవ్వుకుంట, ఆ రోజుకు కారు గూడ తీస్కపొమ్మన్నడు.

నేను బయటికొచ్చి బుచ్చన్నకు చెప్పిన. వాడు నన్ను ఎత్తుకోని తిప్పబోయి ఇద్దరం ఇసుకల పడ్డం. లేవబుద్ధి గాక అట్లనే కొంతసేపు పండుకోని నవ్వినం. వంటింటి సింహళామె కిటికీలకెల్లి చూసి, ఏమైందని అడిగింది. నేను ఏ భాషల చెప్పిన్నో నాకే యాదికి లేదు. ఆమెకు మాత్రం అర్థమయింది, చప్పట్లు కొట్టింది.

ఇగ విను. జనవరి ఏడు మంగళవారం. పొద్దున ఎనిమిదింటికి మీ స్టాఫ్ బిల్డింగు కింద కారుతోని ఉంట. నాస్తా చెయ్యకుండ రా. ఒంటిగంటకు ముసలమ్మ ఇంట్ల అన్నం. ఆ నడుమ అయిదు గంటలు మనిద్దరియి. ఇన్నేండ్లు ఈ ఊర్ల ఎవరు యాడికి పొమ్మంటె ఆడికి పోయిన. నాకు నచ్చిన జాగకు కారు తిప్పుడు ఇదే మొదలు. నిన్నటి సంది మూడు జాగలు అనుకున్న, మూడు మార్చిన. యాడికి పోతున్నమని నువ్వు అడిగినా నేను చెప్పలేను. ఇంక నాకే తెల్వదు.

నీ అబ్బ,
ఇక్రాముద్దీన్